ఆగామి మీద అప్పు: తెలుగు సాహిత్యంలో భూమి, ఋణం, నిరీక్షణ – తెలకపల్లి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్యంలో అప్పు ప్రధానంగా పేదరికానికి, దోపిడీకి సంకేతంగా నిలిచింది. సేద్యం కోసమో, పెళ్ళి కోసమో, వైద్యం కోసమో చేసిన అప్పు భూమిని పోగొట్టడం మన కథాసాహిత్యానికి పరిచితమైన ఇతివృత్తం. భూమిని పోగొట్టే అప్పుతోపాటు భూమిని కొనిపించే అప్పు కూడా నేటి తెలంగాణ గ్రామజీవితంలో బలంగా ఉంది. ధర పెరుగుతుందన్న ఆశతో అప్పు తెచ్చి స్థలం కొనడం ఒక సామాజిక ప్రవృత్తిగా మారింది. ఈ కొత్త ఋణస్వభావాన్ని అర్థం చేసుకోవడానికి మన సాహిత్యవిమర్శ వద్దనున్న పరికరాలు చాలుతాయా అన్న ప్రశ్నను గోరటి వెంకన్న పాట, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ, గొగోల్, చెహోవ్ రచనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: భూమి, అప్పు, మిత్తి, వెంచరు, ఆగామి, పాలమూరు, గోరటి వెంకన్న, యజ్ఞం.

1. ఉపోద్ఘాతం

నాగర్‌కర్నూల్ జిల్లాలోని మండలకేంద్రం తెలకపల్లి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ప్రజాకవి గోరటి వెంకన్న స్వగ్రామమైన గౌరారం ఈ మండలంలోనిదే. ‘వల్లంకి తాళం’ కావ్యానికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ కవి పాటల్లో కనిపించే వాగు, చెలక, చెట్టు, పిట్ట ఈ నేలవే.

పాలమూరు అనగానే సాహిత్యవిద్యార్థికి రెండు మాటలు స్ఫురిస్తాయి. ఒకటి కరువు, రెండు వలస. ఈ రెండింటినీ కలిపే మూడోమాట అప్పు. అయితే గత పాతికేళ్ళలో ఈ ప్రాంతానికి మరొక పదజాలం వచ్చి చేరింది. వెంచరు, ప్లాటు, బయానా, అగ్రిమెంటు, నాలా కన్వర్షన్ వంటి మాటలు ఒకప్పుడు హైదరాబాదు శివార్లకే పరిమితం. ఇవాళ మండలకేంద్రాలలోని టీకొట్ల దగ్గర కూడా ఇవి వినబడతాయి. కొత్త జిల్లాకేంద్రం, రహదారి, ఎత్తిపోతల నీరు వంటి ప్రతి మార్పూ భూమి ధరను గురించిన ఒక ఊహను వెంటబెట్టుకుని వస్తుంది. ఆ ఊహను నమ్మి చేసే అప్పే ఈ వ్యాసానికి వస్తువు.

2. మాటల్లో దాగిన చరిత్ర

‘వడ్డి’ అన్నమాట ‘వృద్ధి’ శబ్దానికి తద్భవం. పెరగడం అన్నదే దాని మూలార్థం. తెలంగాణలో దీనికి ‘మిత్తి’ అన్నమాట వాడుకలో ఉంది. నిఘంటువులు ‘మిత్తి’ని మృత్యుశబ్దానికి తద్భవంగా చూపుతాయి. ఈ రెండు ‘మిత్తు’లకూ వ్యుత్పత్తి ఒకటేనని చెప్పడానికి వీలులేదు. కాని ఒకే ధ్వనిలో వృద్ధి, మృత్యువు రెండూ వినిపించడం ఒక భాషాసమాజపు అనుభవానికి దగ్గరగా ఉంది. అప్పులో పెరిగేది ఒకరిది, తరిగేది మరొకరిది.

భూమికి సంబంధించిన పదాలలో ‘అష్టభోగాలు’ అన్నది గమనార్హం. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అన్న ఎనిమిదింటినీ దానశాసనాలు, ఆ తరువాతి క్రయదస్తావేజులు ఒక సూత్రంలాగా పేర్కొన్నాయి. వీటిలో ‘ఆగామి’ అంటే రాబోయే కాలంలో ఆ భూమివల్ల కలగగల లాభం. పూర్వులు దీనిని మిగతా ఏడింటి సరసన ఒకటిగా మాత్రమే చెప్పారు. నేటి స్థలాల వ్యాపారంలో ఎనిమిదింటిలో ఏడు అప్రధానమై ఒక్క ఆగామి మాత్రమే అమ్ముడుపోతున్నది. కొనేవాడికి ఆ నేలలో నీరున్నదా, రాయి ఉన్నదా అన్నది ముఖ్యం కాదు. అయిదేళ్ళకు దాని ధర ఎంత అన్నదే ముఖ్యం.

కొలతలో వచ్చిన మార్పు కూడా ఇటువంటిదే. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, అంటే ఎకరం 4840 గజాలు. రైతు ఎకరాలలో, గుంటలలో మాట్లాడతాడు. వెంచరు గజాలలో మాట్లాడుతుంది. ఎకరమన్నప్పుడు ఎంత పంట పండుతుందన్న ప్రశ్న సహజంగా వస్తుంది. గజమన్నప్పుడు ఎంత ధర పలుకుతుందన్న ప్రశ్న తప్ప మరొకటి రాదు. తరి, ఖుష్కీ, చెలక అన్న భేదాలు ఆ లెక్కలో కరిగిపోతాయి. ఫలానా చింతచెట్టు చెలక అని పిలిచే నేల ముందు సర్వే నంబరై, తరువాత ప్లాటు నంబరవుతుంది. పేరు పోయినచోట జ్ఞాపకం నిలవదు.

3. సంప్రదాయంలో అప్పు: రెండు ధ్రువాలు

తెలుగు సాహిత్యసంప్రదాయంలో అప్పు పట్ల ఏకాభిప్రాయం లేదు. సుమతీశతకం నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసినవాటిని లెక్కిస్తూ అప్పిచ్చేవాడిని వైద్యుడితో, పారే ఏటితో సమానంగా నిలిపింది. వ్యవసాయ సమాజంలో విత్తుకూ కోతకూ నడుమ ఉండే నెలలను దాటించేది అప్పే. ఆ అర్థంలో అది ఊరికి ప్రాణాధారం. మరొకవైపు ‘అప్పు చేసి పప్పుకూడు’ అన్న సామెత అవసరానికి మించిన అప్పును గేలి చేసింది. ఋణశేషాన్ని అగ్నిశేషంతో, శత్రుశేషంతో కలిపి చెప్పిన లోకోక్తి దానిని భయపెట్టే వస్తువుగా చూపింది.

ఈ రెండు దృష్టులలోనూ అప్పు అనుభోగానికి సంబంధించినది. అవసరమైన తిండికి చేస్తే మంచిది, పప్పుకూటికి చేస్తే చెడ్డది. ధర పెరిగే వస్తువును కొనడానికి చేసే అప్పు ఈ రెండింటిలో దేనికీ లొంగదు. దానిని చేసినవాడు పప్పుకూడు తినడు. తన తిండి తగ్గించుకుని మరీ కిస్తు కడతాడు. సమాజం అతడిని దుబారా మనిషి అనదు, ముందుచూపు గలవాడంటుంది. సామెత ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఈ అప్పు మొదలవుతుంది.

4. ‘యజ్ఞం’: గతం వైపు తిరిగిన ఋణం

అప్పు గురించి ఆధునిక తెలుగుకథ చేసిన చింతనలో 1966లో వెలువడిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ శిఖరం. సుందరపాలెంలో గోపన్నకు అప్పల్రాముడు బాకీ పడ్డాడు. శ్రీరాములునాయుడు పెద్దగా ఊరు పంచాయతీ చేస్తుంది. తాను బాకీపడిన మాటను అప్పల్రాముడు కాదనడు. ఆ బాకీ ఎలా పుట్టిందో, తన కష్టం ఎటు పోయిందో ఊరందరి ముందూ చెప్పుకుంటాడు. చివర అతని కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే చంపి ఆ తీర్పుకు భయంకరమైన సమాధానం ఇస్తాడు. ఆ ముగింపు గురించి తెలుగులో జరిగినంత చర్చ మరొక కథ గురించి జరగడం అరుదు.

ఇక్కడ గమనించవలసింది కథలోని కాలగమనం. ‘యజ్ఞం’లో అప్పు గతం వైపు చూస్తుంది. బాకీ ఎప్పుడు మొదలైంది, ఎందుకు పెరిగింది, న్యాయమైనదేనా అన్న ప్రశ్నలన్నీ జరిగిపోయినదాని గురించినవే. కాబట్టి ఆ కథకు విచారణరూపం సరిగ్గా సరిపోయింది. సాక్ష్యం, వాదం, తీర్పు అన్నవి గతాన్ని తవ్వే సాధనాలు.

స్థలం కొనడానికి చేసిన అప్పు భవిష్యత్తు వైపు చూస్తుంది. దాన్ని విచారించే పంచాయతీ లేదు. ఋణదాత మోసం చేయలేదు, ఋణగ్రహీత అమాయకుడు కాడు. ఇద్దరికీ ఒకే నమ్మకం ఉంది. ‘యజ్ఞం’ ఇచ్చిన విమర్శనాపరికరాలను, అంటే దోపిడీదారు, దోపిడీకి గురైనవాడు అన్న విభజనను ఇక్కడికి యథాతథంగా తెస్తే సగమే పనిచేస్తాయి. అప్పు తెచ్చి కొన్నవాడు అమ్ముకున్న రైతు పట్ల బలవంతుడు, అప్పిచ్చినవాడి పట్ల బలహీనుడు. ఒకే పాత్రలో శ్రీరాములునాయుడు, అప్పల్రాముడు ఇద్దరూ ఉన్నారు.

5. ఏమీ జరగకపోవడమే విషాదం

ఈ ఋణం ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. ఒక ఉద్యోగి 20 లక్షల రూపాయల స్థలాన్ని 5 లక్షల సొంత డబ్బుతో, 15 లక్షల అప్పుతో కొన్నాడనుకుందాం. మిత్తి నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 3.6 లక్షలు, రెండేళ్ళకు 7.2 లక్షలు. చక్రవడ్డీ కలపకపోయినా రెండేళ్ళలో ఆ స్థలం ధర 27.2 లక్షలకు, అంటే నూటికి 36 వంతులు పెరిగితేనే అతడు ఉన్నచోట ఉంటాడు. ధర ఇంకా పెరిగితే పెట్టిన 5 లక్షలతో పోలిస్తే లాభం చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఊళ్ళో కథలుగా ప్రచారమయ్యేవి ఇటువంటి లాభాలే. ధర పడిపోకుండా 20 లక్షల దగ్గరే నిలిచిపోయినా అతని 5 లక్షలు పోయి, పైన 2.2 లక్షల బాకీ మిగులుతుంది.

సాహిత్యదృష్టితో చూస్తే ఈ చివరి వాక్యం అసాధారణమైనది. కరువు రాలేదు, వరద రాలేదు, దళారి మోసగించలేదు, ధర కూడా తగ్గలేదు. ఏమీ జరగలేదు. అయినా మనిషి నష్టపోయాడు. రైతుకథకు సంఘటనలు ఉన్నాయి: వాన రాకపోవడం, బోరు ఎండిపోవడం, పురుగు పట్టడం. ఈ కథకు సంఘటన లేదు, కాలం గడవడం మాత్రమే ఉంది. ‘స్థిరాస్తి’ అన్న మాటలోని ‘స్థిర’ శబ్దం ఇక్కడ వ్యంగ్యమవుతుంది. ఆస్తి స్థిరంగా ఉంటుంది, మిత్తి నడుస్తూ ఉంటుంది. ఈ నిరీక్షణను కథగా మలచడం రచయితకు శిల్పపరమైన సవాలు. మన కథల్లో స్థలాల వ్యాపారం వచ్చినప్పుడు కబ్జా, హత్య, మోసం వంటి సంఘటనల చుట్టూ కథ అల్లుకోవడానికి ఒక కారణం ఇదే కావచ్చు. నేరం లేనిచోట కూడా నష్టం ఉందన్న సంగతి వాటిలో మరుగున పడుతుంది.

వ్యవస్థాగత ఋణానికి కొన్ని హద్దులున్నాయి. గృహఋణాలలో 30 లక్షల వరకు ఉన్నవాటికి ఆస్తివిలువలో నూటికి 90 వంతులు, 75 లక్షలు దాటినవాటికి 75 వంతులు మించరాదని రిజర్వుబ్యాంకు నిబంధన. కొనేవాడి సొంతభాగం కొంత ఉండాలన్నది దాని ఆంతర్యం. ఖాళీస్థలం కొని ధర కోసం ఎదురుచూసేవారి అప్పు ఎక్కువగా చేబదులు, చిట్టీ, ప్రామిసరీ నోటు, బంగారం తాకట్టు రూపాలలో ఉంటుంది. అక్కడ ఇటువంటి హద్దు లేదు. తాకట్టుకు వెళ్ళేది చాలా ఇళ్ళలో స్త్రీల బంగారం. కొన్న స్థలం మీద పేరు ఎవరిదన్నది వేరే ప్రశ్న. స్త్రీవాదవిమర్శ ఈ అంశాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది.

6. గోరటి వెంకన్న పాట: బలం, పరిమితి

‘కుబుసం’ (2002) చిత్రం ద్వారా విశేషప్రచారం పొందిన గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట ప్రపంచీకరణకాలపు తెలుగుపల్లెకు శోకగీతంగా నిలిచింది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె వంటి వృత్తులను ఒక్కొక్కటిగా తలచుకుంటూ, వాటి పనిముట్ల పేర్లతో సహా వాటి పతనాన్ని చెప్పడం ఆ పాట విశిష్టత. సిద్ధాంతపరిభాష వాడకుండా రాజకీయార్థశాస్త్రాన్ని జానపదుడి నోట పలికించడం వెంకన్న సాధించిన విజయం. నగరపు గల్లీ మీద ఆయన కట్టిన పాటను దీనికి కొనసాగింపుగా చదవవచ్చు. పల్లెలో పని పోయినవాడు చేరేది ఆ గల్లీకే.

ఈ రెండు పాటల నడుమ పాలమూరు కూలీ ప్రయాణం ఉంది. మేస్త్రీ చేతినుంచి అడ్వాన్సు తీసుకుని, ఆ బాకీ తీరేవరకు దూరప్రాంతాలలో పనిచేసే పాలమూరు లేబరు దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, భవనాలకు చెమటనిచ్చింది. అంటే భవనం రెండువైపులా అప్పు మీదనే లేస్తుంది. కొనేవాడిది ఋణం, కట్టేవాడిది ఋణం. కొనేవాడి అప్పుకు ఆస్తి హామీ, కట్టేవాడి అప్పుకు దేహమే హామీ. భూమి, ఋణం అన్న అంశంపై పాలమూరు నుంచి చేసే విమర్శకు ఈ రెండు అప్పులనూ ఒకే చూపులో పట్టుకోగల అవకాశం ఉంది.

అయితే పల్లె కన్నీటి పాటకు ఒక పరిమితి కూడా ఉంది. ఆ పాటలో పల్లె దుఃఖానికి కారణమైన శక్తి కంటికి కనబడనిది, బయటినుంచి వచ్చినది. యంత్రవస్తువుల విషయంలో అది సత్యం. భూమి విషయంలో ఆ శక్తి కంటికి కనబడుతుంది, పలకరిస్తుంది, వరసపెట్టి పిలుస్తుంది. బయానా ఇప్పించే మధ్యవర్తి ఊరివాడే. అమ్మేవాడు అన్న, కొనేవాడు ఉద్యోగం చేస్తున్న తమ్ముడు. కూతురి పెళ్ళికోసం అమ్మిన చెలకను పక్కింటి మాస్టారే కొని ఉండవచ్చు. కుట్ర లేకుండానే, శత్రువు లేకుండానే ఊరు చేతులు మారుతుంది. పల్లెను ఏకవ్యక్తిగా, తల్లిగా భావించి దుఃఖించే గేయరీతి ఈ అంతర్విభజనను చూపడానికి చాలదు. ఇది వెంకన్న ప్రతిభకు సంబంధించిన లోపం కాదు, శోకగీతమన్న ప్రక్రియకున్న హద్దు. శోకగీతానికి పోయినవాడు కావాలి. తానే అమ్ముకుని, తానే మరోచోట అప్పుతో కొనుక్కున్నవాడి కోసం ఏ గీతం పాడాలి?

7. ప్రపంచసాహిత్యం నుంచి రెండు సామ్యాలు

ఈ ప్రశ్నకు రష్యన్ సాహిత్యంలో ఉపయుక్తమైన సామ్యాలు దొరుకుతాయి. 1842లో వెలువడిన గొగోల్ ‘మృతజీవులు’ నవలలో చిచికోవ్ ఊరూరా తిరిగి, చనిపోయినా జనాభాలెక్కల పట్టికలో ఇంకా పేరు కొట్టివేయని అర్ధబానిస రైతులను కొంటాడు. వారిని బతికున్నవారిగా చూపి, తాకట్టు పెట్టి ఋణం పొందడం అతని పథకం. లేనిదాన్ని హామీగా పెట్టి ఉన్నదాన్ని సంపాదించే ప్రయత్నమది.

ఇటువంటి కథ తెలుగునేల మీద కల్పనగా కాక వాస్తవంగా జరిగింది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ సంస్థ, అదే కుటుంబానికి చెందిన రెండు మైటాస్ సంస్థలను కొంటామని ప్రకటించింది. వాటాదారుల వ్యతిరేకతతో గంటలలోనే ఆ నిర్ణయాన్ని విరమించుకుంది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రాసిన లేఖ లెక్కలలోని ఆస్తులు కల్పితమని ఒప్పుకుంది. కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపడానికి చేసిన చివరి యత్నమే మైటాస్ కొనుగోలని ఆ లేఖ చెప్పింది. ప్రమోటర్ల తాకట్టు వాటాలను ఋణదాతలు అమ్మివేసిన సంగతినీ ప్రస్తావించింది. పులిస్వారీ ఉపమానం కూడా ఆ లేఖలో ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో ‘సత్యం’ను తిరగేస్తే ‘మైటాస్’ అవుతుంది. ఒక కథకుడు కల్పిస్తే అతికినట్టు లేదని విమర్శకులు అనే పేరు అది. ఈ లేఖను ఆర్థికపత్రంగానే కాక ఋణకాలపు ఆత్మకథనంగా చదవవలసిన అవసరం తెలుగు విమర్శకు ఉంది.

రెండవ సామ్యం 1904లో తొలిసారి ప్రదర్శితమైన చెహోవ్ నాటకం ‘చెర్రీతోట’. అప్పులలో మునిగిన రనేవ్‌స్కయా కుటుంబానికి లొపాఖిన్ ఒక సలహా ఇస్తాడు. తోటను నరికి, నేలను ముక్కలు చేసి, వేసవి విడిది ఇళ్ళకు అద్దెకివ్వమంటాడు. నేటి భాషలో చెబితే వెంచరు వేయమంటాడు. వారు వినరు. తోట వేలానికి వస్తుంది. తన తండ్రి, తాత బానిసలుగా బతికిన ఆ ఎస్టేటును లొపాఖినే పాడుకుంటాడు. చెహోవ్ అతడిని దుర్మార్గుడిగా చూపలేదు. తోటను ప్రేమించినవారు దాన్ని కాపాడలేకపోయారు. కొన్నవాడికి దాని అందం తెలియక కాదు. అతని విజయంలో బానిసత్వం నుంచి బయటపడిన ఒక తరం ఆనందం ఉంది, గొడ్డలిదెబ్బ కూడా ఉంది.

తెలంగాణకు అన్వయిస్తే ఈ పాత్ర ప్రాధాన్యం తెలుస్తుంది. 1946–51 సాయుధపోరాటం, 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం, 1973 భూసంస్కరణల చట్టం నడిచిన నేల ఇది. దున్నేవాడిదే భూమి అన్న నినాదంలో శ్రమ హక్కుకు ఆధారం. వెంచరు కాలంలో అప్పు పుట్టినవాడిదే భూమి. అయితే తాతలకు గుంట భూమి లేని కుటుంబం నుంచి చదువుకుని ఉద్యోగంలో చేరినవాడు అప్పు తెచ్చి 200 గజాలు కొన్నప్పుడు, దానిని కేవలం ఆశగా తీసిపారేయడం అన్యాయం. అతనికి ఆ స్థలం లాభాపేక్ష మాత్రమే కాదు, గౌరవం కూడా. అదే సమయంలో ఆ 200 గజాలు ఎవరి చెలకలోనివన్న ప్రశ్న కూడా మిగిలే ఉంటుంది. ఈ రెండింటినీ విడదీయకుండా చూపగల లొపాఖిన్ వంటి పాత్రకు తెలుగుకథలో చోటుంది.

8. ముగింపు

పై పరిశీలనవల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, తెలుగు సాహిత్యం అప్పును గతం నుంచి వెంటాడే భారంగా సమర్థంగా చిత్రించింది. భవిష్యత్తును ముందే ఖర్చుచేసే ఋణానికి తగిన కథనరూపం ఇంకా రూపుదిద్దుకోవలసి ఉంది. రెండు, పీడకుడు, పీడితుడు అన్న విభజనను వదిలిపెట్టనవసరం లేదు గాని, ఆ రెండూ ఒకే వ్యక్తిలో ఉండే స్థితిని గుర్తించేలా దాన్ని విస్తరించుకోవాలి. మూడు, ఈ వస్తువులో పాఠకుడు ప్రేక్షకుడు కాడు. రైతు ఆత్మహత్యల కథలను చదివి కన్నీరు పెట్టిన పాఠకుడు, వాటిని తరగతిలో బోధించిన అధ్యాపకుడు తమ జీతంలో నెలనెలా ఒక ప్లాటు కిస్తు కడుతూ ఉండవచ్చు. ఆ పాఠకుడిని కథలోకి తేనంతకాలం భూమి గురించి రాసిన సాహిత్యం అతనికి ఊరట మాత్రమే ఇస్తుంది, ప్రశ్న వేయదు.

పరిశోధకులకు ఇక్కడ విస్తారమైన క్షేత్రం ఉంది. సాదా బైనామాలు, ప్రామిసరీ నోట్లు, వెంచర్ల కరపత్రాలు, ఊరి పొలాల పాతపేర్లు, మేస్త్రీల అడ్వాన్సు లెక్కలు మొదలైనవన్నీ సాహిత్యాధ్యయనానికి పాఠాలు కాగలవు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలనుంచి జనజీవనాన్ని వెలికితీశారు. అదే పాలమూరు నేల మీద నేటి పరిశోధకుడు ఎదురుదిశలో ప్రయాణించి, జనజీవనపు పత్రాలనుంచి రాబోయే కావ్యానికి వస్తువును చూపవచ్చు. తెలకపల్లి మండలంలోని పొలాల పేర్లు తెలిసిన వృద్ధులు ఇంకా ఉన్నారు. వారు చెప్పగలిగిన పేర్లు ప్లాటు నంబర్ల కింద పూర్తిగా పూడిపోకముందే సేకరించడం ఈ పనిలో మొదటి అడుగు కావాలి.